రేవులో రెండు పంట్లు: కెవర్నస్ అన్యూరిజమ్ కేసు ఒకటి

"రేవులో ఒక్క పంటు రెండుగా కనపడుతోందండి."

2022 కార్తీకమాసంలో 54 ఏళ్ల ఆవిడ నా గదిలోకి వచ్చి కూర్చుంటూనే అన్న మాట ఇది. ఆవిడది వశిష్ట గోదావరికి అవతల, సఖినేటిపల్లి వైపు పల్లెటూరు. నేను ఇవతల నర్సాపురంలో కంటి డాక్టర్ని. ఏటి అవతలి నుంచి పంటు మీద, అంటే ఏరు దాటించే పెద్ద పడవ మీద, వచ్చేవాళ్లకి చూపు కొలుచుకోడానికి రేవే కొలబద్ద. అవతలి గట్టు మసగ్గా ఉందనో, పంటు మీది అక్షరాలు ఆనడం లేదనో చెప్తారు. రెండు పంట్లు అన్నవాళ్లు అంతకుముందు లేరు.

"మరి లేసు అల్లేటప్పుడో?" ఆవిడ వేలి మీద దారం ఒరిసిన గీత చూసి అడిగాను.

"అల్లేటప్పుడు ఒకటే దారం బాబూ. తలెత్తి వీధిలోకి చూస్తేనే తేడా."

ఆ జవాబులోనే సగం రోగం తెలిసిపోయింది. కన్నుని చెవివైపుకి తిప్పే కండరాన్ని ఆరో కపాల నరం (మెదడు నుంచి నేరుగా వచ్చే నరాల్లో ఆరోది) నడుపుతుంది. దగ్గరి వస్తువు చూసేటప్పుడు రెండు కళ్లూ ముక్కువైపుకి వస్తాయి కాబట్టి ఆ కండరంతో పెద్దగా పని పడదు. దూరం చూసినా, ఆ పక్కకి చూసినా దాని లోటు బయటపడుతుంది. ఒళ్లో దారం ఒకటిగానూ, ఏట్లో పంటు రెండుగానూ కనపడితే ముందు ఆరో నరాన్నే అనుమానించాలి.

తలలోని రక్తనాళం ఒకచోట ఉబ్బడాన్ని అన్యూరిజమ్ అంటారు. ఆ ఉబ్బు ఉన్న ఈ కేసు రాయడానికి నాకు రెండు కారణాలున్నాయి. మొదటిది, నేను చేసిన ఆలస్యం. రెండోది, రోగం ఏమిటో తేలాక ముగ్గురు నిపుణులు మూడు దారులు చూపించినప్పుడు ఒక ఇల్లు ఎలా నలిగిందో దగ్గరుండి చూడటం. పుస్తకాల్లో మొదటిదాని గురించి చాలా ఉంటుంది, రెండోదాని గురించి దాదాపు ఏమీ ఉండదు. ఆవిణ్ణి గుర్తుపట్టే వివరాలు మార్చాను.

మొదటి పరీక్ష

ఎడమ కన్ను బయటివైపుకి సగం దూరం వెళ్లి ఆగిపోతోంది. కుడి కన్ను మామూలుగానే తిరుగుతోంది. రెండు కళ్లకీ చూపు 6/9. కంటి వెనక నరం దగ్గర వాపు లేదు. రెప్పలు, కంటిపాపలు రెండువైపులా సమానం. 9 ఏళ్లుగా షుగరు, మూడు నెలల సగటు 8.9. బీపీ 164/98. బిళ్లలు మానేసి ఏడాది అయింది. "తల తిరగట్లేదు కదా అని మానేశానండి."

షుగరూ బీపీ రెండూ ఉన్న ఈ వయసు మనిషికి ఆరో నరం ఒక్కటే పడిపోతే, ఆ నరానికి రక్తమిచ్చే సన్నటి నాళం మూసుకుపోయి ఉంటుందని అనుకోవడం మామూలు. అలాంటివి చాలావరకు మూడు నెలల్లో వాటంతటవే సర్దుకుంటాయి. నేనూ అదే రాశాను. రెండుగా కనపడకుండా ఎడమ కళ్లద్దానికి మసక టేపు అంటించాను. బీపీ బిళ్లలు మళ్లీ మొదలుపెట్టించి, రెండు నెలలకి రమ్మన్నాను.

లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఎడం నొసటి మీద చీమలు పాకినట్టుంటోందండి" అంది.

"షుగరు వల్లేనమ్మా" అన్నాను. బయట 40 మంది కూర్చుని ఉన్నారు.

ఆ మాట నేను చీటీలో కూడా రాయలేదు.

దూది పోగు

చెప్పిన గడువుకి ముందే, ఐదో వారంలో వచ్చింది. చీమలు పాకడం పోయి పోటు మొదలైంది. ఎడమ కనుబొమ పైనుంచి నడినెత్తి దాకా సూదులు గుచ్చినట్టు ఉంటోందట. కన్ను ఇంకాస్త లోపలికి తిరిగింది. ఇప్పుడు లేసు దారం కూడా ఒక్కోసారి రెండుగా కనపడుతోంది.

దూదిని పోగులా మెలిపెట్టి కుడి కంటి నల్లగుడ్డుకి తాకించాను. టక్కున రెప్ప వాల్చింది. ఎడమ కంటికి తాకించాను. "పెట్టారా?" అని అడిగింది.

నొసటికీ నల్లగుడ్డుకీ స్పర్శ ఇచ్చేది ఐదో నరంలోని పై కొమ్మ. ఆరో నరం, ఐదో నరం ఒకే పక్కన కలిసి దెబ్బతింటే అది షుగరు చేసే పని కాదు. ఆ రెండూ ఒకదాని పక్కన ఒకటి వెళ్లే చోటేదో వెతకాలి. కంటిగూడు వెనక, పిట్యూటరీ గ్రంథికి రెండు పక్కలా కెవర్నస్ సైనస్ అని సిరల మడుగు ఒకటి ఉంటుంది. మెడలోంచి మెదడుకి వెళ్లే కెరోటిడ్ నాళం ఆ మడుగు మధ్య నుంచే పోతుంది. మూడు, నాలుగు నరాలూ ఐదో నరం కొమ్మలూ మడుగు గోడలో ఉంటాయి. ఆరోది మాత్రం గోడలో కాకుండా మడుగు లోపలే, నాళాన్ని ఆనుకుని నడుస్తుంది. నాళం ఉబ్బితే ముందు నలిగేది అదే.

ఐదు వారాల కిందటే ఈ దూది పోగు తాకించి ఉంటే అప్పుడే తెలిసేది. ఆ ఐదు వారాల వల్ల ఆవిడకి నష్టం జరిగిందా అంటే, తర్వాత జరిగినవి చూస్తే బహుశా లేదు. కానీ అది నా అదృష్టం. అప్పటినుంచి కన్ను తిరగని ప్రతి మనిషికీ, షుగరున్నా లేకపోయినా, రెండు నల్లగుడ్లకీ దూది తాకించి చూస్తున్నాను. నొసలూ చెంపా తడిమి తేడా అడుగుతున్నాను. నిమిషం పట్టదు.

భీమవరంలో ఎమ్మారై తీయించాం. ఆ సాయంత్రమే రేడియాలజిస్టు ఫోన్ చేశారు. ఎడమ ఇంటర్నల్ కెరోటిడ్ నాళానికి కెవర్నస్ సైనస్ లోపల 19 మిల్లీమీటర్ల ఉబ్బు ఉందన్నారు. అన్యూరిజమ్. తలలోని అన్యూరిజమ్‌లలో ఇక్కడ వచ్చేవి కొద్ది మాత్రమే. వచ్చినవాళ్లలో నడివయసు దాటిన ఆడవాళ్లే ఎక్కువ. నా ప్రాక్టీసులో ఇది రెండోది.

బాంబు అన్న మాట

రిపోర్టు నా దగ్గరికి రాకముందే స్కానింగ్ దగ్గర ఎవరో కొడుకుతో, "మీ అమ్మ తలలో బాంబు ఉంది, ఎప్పుడు పేలుతుందో చెప్పలేం" అన్నారట. అన్నవాళ్లు ఎవరో తెలీదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. ఆ మాట చేసిన పని మాత్రం వారం రోజుల్లో కళ్లారా చూశాను.

కొడుకు పాలకొల్లులో ఆటో నడుపుతాడు. తల్లిని ఆటో ఎక్కనివ్వడం మానేశాడు, గతుకులకి పేలుతుందని. కోడలు బిందె ఎత్తనివ్వలేదు, పొయ్యి దగ్గరికి రానివ్వలేదు, తల దువ్వుకోనివ్వలేదు. చెరువుల దగ్గర కాపలా ఉండే భర్త రాత్రి పని మానుకుని ఇంట్లోనే పడుకుంటున్నాడు. గంటకోసారి లేచి టార్చి వేసి ఊపిరి ఆడుతోందా అని చూస్తున్నాడు. ఆ వెలుతురుకి ఆవిడ లేచిపోతోంది. నిద్ర లేక బీపీ 170 దాటింది. ఊళ్లో ఆర్‌ఎంపీ, తలంటు పోసుకోవద్దని కూడా చెప్పాడట.

అన్నింటికన్నా నన్ను ఆపిన సంగతి వేరే ఉంది. లేసు కాంట్రాక్టరు ఇచ్చిన దారం, డిజైను కాగితం ఆవిడ తిరిగి పంపించేసింది. అది పెద్ద టేబుల్ క్లాత్ ఆర్డరు, నెలల పని.

"ఎందుకమ్మా, కళ్లద్దానికి టేపు వేసుకుంటే అల్లగలుగుతున్నారుగా?"

"సగంలో పోతే ఎవరు అల్లుతారండి? చెయ్యి మారితే అల్లిక చెప్పేస్తది. అక్కడిదాకా బిగువు, అక్కణ్ణుంచి వదులు. పని పాడైపోద్ది."

ఆ రోజు చివరి రోగిని పంపించాక ఆవిణ్ణీ ఇంట్లోవాళ్లనీ కూర్చోబెట్టి చెప్పాను. బాంబు అన్న మాట తీసేసి దాని చోట ఇంకేదైనా పెట్టాలి. డెల్టాలో పుట్టినవాళ్లకి గట్టు అంటే వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ 86 వరదనాటికి కొత్త కోడలు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయిన ఏడాది అది. గట్టు ఎక్కడ పొంగింది, ఎక్కడ గండి పడింది, ఏ ఊరు ఎలా మునిగింది, నాకన్నా ఆవిడే బాగా చెప్పగలదు.

కాయితం మీద నాళాన్ని కాలవలా గీశాను. ఒకచోట గట్టు నీరసించి బయటికి ఉబ్బింది, నీళ్లు అక్కడ సుడి తిరుగుతున్నాయి. గట్టు ఉబ్బడం ఒక సంగతి, ఎక్కడ ఉబ్బిందన్నది ఇంకో సంగతి. ఊరి పక్కన గండి పడితే ఊరు మునుగుతుంది. చిత్తడి నేల పక్కన పడితే నీళ్లు అందులోకే పోతాయి. మెదడు చుట్టూ గట్టి పొర ఒకటి ఉంటుంది. మామూలుగా అందరూ భయపడే అన్యూరిజమ్‌లు ఆ పొర లోపల, మెదడుని ఆనుకుని ఉంటాయి. అవి పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. మీది ఆ పొర బయట, సిరల మడుగులో ఉంది. పగిలినా రక్తం చాలావరకు ఆ మడుగులోకే పోతుంది. అప్పుడు కన్ను ఎర్రబడి ముందుకి పొడుచుకొస్తుంది, తలలో హోరు వినపడుతుంది. అది వెంటనే చూడాల్సిన జబ్బే. అరుదుగా ముక్కులోంచి విపరీతంగా రక్తం పోవచ్చు కూడా. కానీ పడుకున్న మనిషి పడుకున్నట్టే పోవడం ఇలాంటి ఉబ్బులో చాలా అరుదు.

ఇక్కడ ఒక షరతు ఉంది, అదీ దాచలేదు. ఉబ్బు బాగా పెరిగితే పొర దాటి లోపలికి రావచ్చు. అప్పుడు లెక్క మారిపోతుంది. పొర దాటిందో లేదో యాంజియోగ్రామ్‌లో చూడాలి.

భర్త చాలాసేపు ఆ బొమ్మే చూశాడు. "అయితే రాత్రిళ్లు టార్చి వెయ్యక్కర్లేదంటారా?"

"అక్కర్లేదండి. మీరూ పడుకోండి."

మూడు ఊళ్లు, మూడు మాటలు

సంక్రాంతి వెళ్లాక విశాఖపట్నంలో యాంజియోగ్రామ్ తీశారు. తొడలోంచి సన్నటి గొట్టం పంపి, నాళాల్లోకి రంగుమందు వదిలి తీసే డీఎస్‌ఏ. ఉబ్బు పూర్తిగా మడుగులోనే ఉంది, పొర దాటలేదు. ఉబ్బు మెడ వెడల్పుగా ఉంది, అంటే లోపల కాయిల్స్ (సన్నటి లోహపు తీగచుట్టలు) నింపితే అవి జారి బయటికి వచ్చే రకం. పుర్రె తెరిచి క్లిప్పు పెట్టే మాట ఇక్కడ ఎవరూ ఎత్తరు, ఆ మడుగు నిండా నరాలే కాబట్టి.

తీసిన డాక్టరు ఫ్లో డైవర్టర్ పెట్టించుకోమన్నారు. సన్నటి లోహపు తీగలతో అల్లిన గొట్టం అది, నాళం లోపల పరుస్తారు. మళ్లీ కాలవ బొమ్మ తీశాను. ఉబ్బు మూతికి అడ్డంగా లోపలివైపు తడిక కడితే ప్రవాహం తిన్నగా పోతుంది. పక్క మడుగులో నీళ్లు నిలిచి, ఒండ్రు మేట వేసి, నెలల మీద పూడిపోతుంది.

ఆవిడ వెంటనే అడిగింది. "తడిక కడితే ఆ పక్కనున్న పిల్లకాలవలకి నీళ్లెలా వెళ్తాయి బాబూ?"

పీజీ విద్యార్థులు చాలామంది అడగని ప్రశ్న ఇది. తడిక కన్నాల్లోంచి పిల్లకాలవలకి రక్తం వెళ్తుంది, ఎక్కువసార్లు. ఇది మెదడు కాండం దగ్గరి నాళమైతే ఈ భయం చాలా పెద్దది. ఈ చోట ముఖ్యమైన కొమ్మలు తక్కువ. కంటికి రక్తమిచ్చే కొమ్మ మాత్రం కొంచెం పైన బయల్దేరుతుంది. తడిక అక్కడిదాకా వెళ్లాలా వద్దా అన్నది పెట్టేవాళ్లు చూసుకోవాల్సిన విషయం. తడిక మీద రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కొన్ని నెలలు, ఆ తర్వాత ఆస్పిరిన్ దీర్ఘకాలం వాడాలి. క్లోపిడోగ్రెల్ కొందరి ఒంట్లో సరిగ్గా పనిచెయ్యదు, ముందే రక్తపరీక్ష చేసి చూసుకోవాలి. ఉబ్బు పూడేటప్పుడు లోపల వాచి కొన్నాళ్లు నొప్పీ రెండు బొమ్మలూ పెరగొచ్చు. అందుకు స్టెరాయిడ్ ఇస్తే షుగరు ఎగబాకుతుంది.

విజయవాడలో చూసినాయన ఫిల్ములన్నీ గోడకి పెట్టి, "ఏమీ చెయ్యకండి, ఆర్నెల్లకి ఎమ్మారై తీయించండి" అన్నారు. కొడుకుకి ఆ మాట నిర్లక్ష్యంగా తోచింది. ఐదు నిమిషాల్లో పంపించేశారని బాధపడ్డాడు.

హైదరాబాదులో మూడో ఆయన ఇంకో దారి చూపారు. లోపల బెలూనుతో ఎడమ కెరోటిడ్‌ని అరగంట మూసి, మనిషిని మెలకువగా ఉంచి, చెయ్యీ కాలూ మాటా సరిగ్గా ఉన్నాయేమో చూస్తారు. మిగతా నాళాలు ఆ భాగానికి రక్తం అందిస్తున్నాయని తేలితే ఆ నాళాన్ని శాశ్వతంగా మూసేస్తారు. లాకు దించి చూసి, పక్క కాలవతో ఆయకట్టు తడుస్తుందంటే ఈ కాలవని ఎత్తేయడం లాంటిది. ఖర్చు చాలా తక్కువ. పరీక్షలో నెగ్గినవాళ్లలో కూడా కొందరికి తర్వాత పక్షవాతం వస్తుంది.

ఫ్లో డైవర్టర్‌కి మొత్తం 9 లక్షల దాకా అవుతుందన్నారు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. (పథకం పేరు ఎన్నిసార్లు మారినా మా రోగులు ఆ మాటే అంటారు.) దాని కింద ఎంత వస్తుందంటే ఒక్కోచోట ఒక్కో మాట చెప్పారు. కువైట్‌లో ఇంటిపని చేసే కూతురు, "రెండేళ్ల జీతం పంపిస్తాను, ఇంకేమీ ఆలోచించకుండా చేయించేయండి" అంది.

లెక్కలు

కూతురు రాత్రిళ్లు ఫోనులో చదివి నాకు ప్రశ్నలు పంపేది. మంచి ప్రశ్నలే. అందుకే లెక్కలు దాచకుండా చెప్పాను.

పగలని అన్యూరిజమ్‌ల మీద 2003లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం ఉంది. 13 నుంచి 24 మిల్లీమీటర్ల ఉబ్బు మెదడు ముందుభాగపు నాళాల మీద ఉంటే ఐదేళ్లలో పగిలే అవకాశం 14.5 శాతం. అదే సైజు కెవర్నస్ సైనస్‌లో ఉంటే 3 శాతం. గట్టు ఎక్కడ ఉబ్బిందన్నది ఎంత తేడా చేస్తుందో ఈ రెండంకెల్లో తెలుస్తుంది.

రెండోవైపు, కెరోటిడ్ మీది పెద్ద ఉబ్బులకి ఫ్లో డైవర్టర్ పెట్టిన 108 మంది మీద 2013లో ఒక అధ్యయనం వచ్చింది. ఆర్నెల్లకి 73.6 శాతం మందిలో ఉబ్బు పూర్తిగా మూసుకుపోయింది, ఐదేళ్లకి 95 శాతం. పెద్ద పక్షవాతమో, నరాల కారణంగా మరణమో 5.6 శాతం. రెండు వేరు వేరు అధ్యయనాల అంకెలు పక్కపక్కన పెట్టి తూచకూడదని నాకు తెలుసు. రోగులు వేరు, కాలం వేరు, పగలడమూ పక్షవాతమూ ఒకటి కావు. తెలిసీ పెట్టాను, వేరే తక్కెడ లేదు కాబట్టి.

ఆ అంకెల ముందు కూర్చున్నప్పుడు నాకు అర్థమైందేమిటంటే, ముగ్గురు నిపుణులూ ఒకరినొకరు కాదనడం లేదు. విశాఖపట్నం డాక్టరు ఈ ఉబ్బుని ఎలా మూయాలో చెప్తున్నారు. విజయవాడ డాక్టరు ఈవిడ దీనివల్ల చనిపోతుందా అన్నదానికి జవాబిస్తున్నారు. హైదరాబాదు డాక్టరు ఇంటి పరిస్థితి చూసి మాట్లాడుతున్నారు. ఆవిడకి ఏం కావాలో ఎవరూ అడగలేదు. నేనూ అప్పటిదాకా అడగలేదు.

అడిగితే, చావు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "మూలన పడకూడదండి. మా అత్తగారు ఆరేళ్లు పడుంది. నేనే ఎత్తాను, దించాను."

అప్పుడు నేను దాటేసిన విషయం ఒకటి చెప్పాల్సి వచ్చింది. ఎడమ కెరోటిడ్ మెదడు ఎడమ సగానికి రక్తమిస్తుంది. ఆ సగం కుడి చెయ్యినీ, చాలామందిలో మాటనీ నడుపుతుంది. వైద్యంలో పక్షవాతం వస్తే అది కుడివైపుకే వస్తుంది.

ఆవిడ కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. "ఆయ్" అని ఊరుకుంది.

వారం తర్వాత భర్తతో వచ్చి చెప్పింది. నొప్పి తగ్గే మందు ఉంటే ఇమ్మంది. రెండుగా కనపడటానికి అద్దాలేవైనా ఉంటే ఇమ్మంది. ఇప్పటికి ఏమీ చేయించుకోనంది. ఉబ్బు పెరిగితే మాత్రం తడిక కట్టించుకుంటానంది. కూతురు ఫోనులో ఏడ్చింది. కొడుకు తనకి తోచదని చెప్పి బయట ఆటోలో కూర్చున్నాడు.

చూస్తూ ఉండటానికి రాసిన చీటీ

"చూద్దాం లెండి" అని పంపిస్తే ఇంట్లోవాళ్లకి అది డాక్టరు చేతులెత్తేసినట్టు వినపడుతుంది. విజయవాడ నుంచి కొడుకు అలాగే తిరిగొచ్చాడు. అందుకే వేచి ఉండటాన్ని కూడా మందులా తేదీలతో, మోతాదుతో రాసిచ్చాను. ఎమ్మారై ఆర్నెల్లకి, ఆ తర్వాత ఏడాదికోసారి. నా దగ్గరికి ఆరు వారాలకోసారి. బీపీ 130 లోపు. ఇంట్లో మిషను కొని రోజూ పొద్దున ఒక నోటుబుక్కులో రాయాలి. బీపీ ఒక్కటే మన చేతిలో ఉన్న మీట. ఎండుచేప, ఆవకాయ వారానికి రెండుసార్లకి దించాలి. దీని మీద మా ఇద్దరికీ జరిగిన బేరం చాలా పెద్దది, అదంతా రాయను. పోటుకి గాబాపెంటిన్ తక్కువ మోతాదులో మొదలుపెట్టాను. టేపు తీసేసి, కళ్లద్దం మీద అంటించే ప్రిజం పొర పెట్టాం. తిన్నగా చూస్తే ఒకటే బొమ్మ, ఎడమవైపుకి కన్ను తిప్పితే రెండు. తల తిప్పి చూడటం అలవాటు చేసుకోమన్నాను. ఎడమ నల్లగుడ్డుకి స్పర్శ తక్కువ కాబట్టి, నలక పడినా తెలీదని, రోజూ అద్దంలో చూసుకోమని చెప్పి, చుక్కల మందు ఇచ్చాను.

చేయగూడనివాటి జాబితా చాలా చిన్నది. చేయదగినవాటి జాబితా పెద్దది. బిందె ఎత్తొచ్చు. తలంటుకోవచ్చు. ఆటో ఎక్కొచ్చు, పంటూ ఎక్కొచ్చు. పొయ్యి దగ్గర నిలబడొచ్చు. కోడలికి వినపడేలా చదివాను.

ఆ చీటీలో ముఖ్యమైన భాగం కింద ఉంది. ధవళేశ్వరం దగ్గర నీళ్లు 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలోనే మూడో హెచ్చరికని చూసిన ఊరు వాళ్లది. ఏ హెచ్చరికకి సామాను సర్దుకోవాలో, ఏ హెచ్చరికకి గట్టెక్కాలో అక్కడి పిల్లలకి కూడా తెలుసు. వరద రాకముందు ఎవరూ గట్టు మీద కాపరం పెట్టరు. ఆ లెక్కనే రాశాను.

మొదటి హెచ్చరిక: నొప్పి పెరగడం, రెండు బొమ్మల మధ్య ఎడం పెరగడం. నాకు ఫోన్ చెయ్యాలి, ఆ వారంలో రావాలి.

రెండోది: ఎడమ రెప్ప వాలడం, కంటిపాప పెద్దదో చిన్నదో అవడం, చూపు మసకబారడం. ఆ రోజే రావాలి.

మూడోది: ఎన్నడూ ఎరగనంత తలనొప్పి ఒక్కసారిగా రావడం, వాంతులు, తెలివి తప్పడం, కుడి చెయ్యి గానీ కాలు గానీ పట్టు తప్పడం, మాట తడబడటం, కన్ను ఎర్రగా ఉబ్బి తలలో హోరు వినపడటం, ముక్కులోంచి ఆగకుండా రక్తం. నా కోసం ఆగక్కర్లేదు, 108 పిలిచి తిన్నగా పెద్దాసుపత్రికి.

ఈ మూడూ లేని రోజు మామూలు రోజు. ఆ వాక్యం కూడా రాసి కింద గీత గీశాను.

కూతురు కోసం ఇంకో వాక్యం చేర్చాను. తల్లికో తోబుట్టువుకో ఒక్కరికే ఉంటే మిగతావాళ్లందరికీ స్కాన్ అక్కర్లేదు. దగ్గరి రక్తసంబంధంలో ఇద్దరికో అంతకన్నా ఎక్కువమందికో ఉంటేనే ఆ ఆలోచన. ఆవిడ అన్నదమ్ముల్లో, తల్లిదండ్రుల్లో ఎవరికీ తలలో రక్తస్రావమైన చరిత్ర లేదు. బీపీ మాత్రం చూపించుకోమన్నాను.

తర్వాత

మూడో నెలలో రాత్రి రెండింటికి ఫోన్ వచ్చింది. "మూడో హెచ్చరిక సార్! కన్ను ఎర్రగా ఉబ్బిపోయింది." నాకూ గుండె జారింది. ఏ కన్ను అని అడిగితే కుడిదన్నాడు కొడుకు. ఊసులు కడుతున్నాయా? కడుతున్నాయట. తలలో హోరు? లేదు. ఇంట్లో ఇంకెవరికైనా? మనవడికి మొన్నటినుంచీ. ఊరంతా కళ్లకలక తిరుగుతున్న రోజులవి. పొద్దున్నే చూసి నిర్ధారించుకున్నాను. ఫోన్ చేసినందుకు కొడుకు సిగ్గుపడ్డాడు. చెయ్యాల్సిందే చేశావని చెప్పాను. ఆ చీటీ పనిచేస్తుందని నాకు నమ్మకం కుదిరింది ఆ రాత్రే.

ఆర్నెల్ల ఎమ్మారైలో ఉబ్బు 19 మిల్లీమీటర్లే. అంచు వెంబడి కొంచెం గడ్డకట్టినట్టు కనపడింది. దానంతటదే పూడటం మొదలైందా అంటే అలా జరగడం ఉంది, కానీ ఒక్క ఫిల్ము చూసి అనలేం. కన్ను బయటివైపుకి ఇంతకుముందుకన్నా కాస్త ఎక్కువ వెళ్తోంది. ఏడాదిన్నర స్కానులోనూ సైజు మారలేదు. పోటు చాలావరకు తగ్గింది, గాబాపెంటిన్ సగం చేశాం. నొసటి తిమ్మిరి అలాగే ఉంది. ప్రిజం బలం రెండుసార్లు తగ్గించాం. షుగరు సగటు 7.4. బీపీ నోటుబుక్కు మూడోది నడుస్తోంది. ఆవిడ అంకెలన్నీ లేసు డిజైను గీతల కాయితం మీదే రాస్తుంది. గళ్లు ముందే గీసి ఉంటాయి కదా అంటుంది.

ఇది సరైన నిర్ణయమేనా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆరో నరం ఎక్కువకాలం నలిగితే తిరిగి కోలుకునే అవకాశం తగ్గుతుందని భయపడే నిపుణులున్నారు, ఆ భయంలో న్యాయముంది. మొదట్లోనే తడిక కట్టించి ఉంటే ఇప్పటికి కన్ను పూర్తిగా తిరిగేదేమో. లేదా కుడిచెయ్యి పోయేదేమో. రెండో దారిలో ఏం జరిగేదో చూసే వీలు ఎవరికీ లేదు. నేను ఆవిణ్ణి వేచి ఉండేవైపుకి తెలీకుండా మొగ్గించానా అన్న అనుమానం కూడా ఉంది. చిత్తడి నేల పోలిక చెప్పింది నేను. కుడిచెయ్యి మాట చెప్పిందీ నేనే. ఉన్నవే చెప్పినా, ఏది ముందు చెప్పామో ఏది తర్వాత చెప్పామో దాన్నిబట్టి కూడా తక్కెడ వాలుతుంది. ఇలాంటి కేసు మళ్లీ వస్తే, "మీకేం కావాలి" అన్న ప్రశ్న అంకెలకన్నా ముందు అడుగుతాను, మొదటి నిపుణుడి దగ్గరికి పంపేముందే.

కువైట్ నుంచి కూతురు గత వేసవిలో వచ్చి నా గదిలో గంట కూర్చుంది. తల్లి నిర్ణయం ఆమెకి ఇంకా నచ్చలేదు. డబ్బు విడిగా దాచి ఉంచిందట, ఎప్పుడు సరేనంటే అప్పటికని. తల్లీ కూతుళ్లు దాని గురించి మాట్లాడుకోవడం మానేశారు. అది సర్దుకున్నట్టా కాదా నాకు తెలీదు, తెలుసుకునే పనీ నాది కాదు.

నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని గురించి అడిగితే ఆవిడ నవ్వి, "కూలి పెరిగిందేమో మీరే కనుక్కుని చెప్పండి" అంది. పోయినసారి వచ్చినప్పుడు సంచిలోంచి దారపు ఉండలు, డిజైను కాయితం తీసి చూపించింది. 12 మంది కూర్చునే బల్లకి టేబుల్ క్లాత్. ఎన్నాళ్లు పడుతుందమ్మా అంటే వేళ్ల మీద లెక్కపెట్టుకుని, వచ్చే స్కాన్ తర్వాత ఇంకో నాలుగు నెలలు దాటుతుందంది. ఆర్డరు ఒప్పుకుని అప్పటికే మూడు వారాలు.

కన్ను పరీక్ష చేస్తూ, పంటు ఇప్పుడెలా కనపడుతోందని అడిగాను.

"అవతలి రేవులో బయల్దేరినప్పుడు ఒకటిన్నరండి. ఏటి మధ్యకొచ్చేసరికి ఒకటైపోద్ది" అంది. ఆరు వారాల తర్వాతి తేదీ గళ్లకాయితం మీద రాసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగిందేమోనని చూశాను. ఆగలేదు.